మా డాబాల మీది మబ్బు

మా పక్కింటి పెద్దనాయిన పోయిన నెల ఒక సోమవారం పొద్దున చనిపోయాడు. ఆయన కొడుకు గోడ మీదుగా "అన్నా, బాపు పాణం పోయింది" అన్నప్పుడు నేను పళ్లు తోముకుంటున్నాను. "సరే" అన్నాను. మళ్లీ తోముకున్నాను. ఊరందరినీ ఆటపట్టించే నా నోటికి ఆ పూట దొరికింది ఆ ఒక్క మాటే.

ఆయన ఫ్యాక్టరీలో బాయిలర్ నడిపి రిటైరయ్యాడు. పైపును ముట్టుకోకుండానే దాని వేడిని అంకెల్లో చూపే తుపాకి లాంటి థర్మామీటర్ ఒకటి సొంతానికి కొనుక్కున్నాడు. పైపుల పని అయిపోయాక దాన్ని ఆకాశానికి పెట్టాడు.

మా ఊరు ఇంద్రేశంలో మా గల్లీ ఆడవాళ్లు డాబాల మీద పాత చీరలు పరిచి అప్పడాలు ఎండబెట్టి దుకాణాలకు వేస్తారు. నా భార్యా అంతే. ఒక్క జల్లు పడితే వారం కష్టం మళ్లీ పిండైపోతుంది. మా దగ్గరేమో ఫ్యాక్టరీ పొగకు ఆకాశం ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. ఏది పొగో, ఏది మబ్బో కంటికి తెలియదు.

ఆయన డాబా ఎక్కి తుపాకి పట్టిన చెయ్యి నిటారుగా పైకెత్తేవాడు. "ఖాళీ ఆకాశం సల్లగుంటది కోతీ. మబ్బు దుప్పటి లెక్క. అది కప్పితే అంకె ఎక్కుతది." నన్ను కోతి అనే పిలిచేవాడు. నేను తుపాకి లాక్కుని ఆయన నుదుటికి పెట్టి "జెరం లేదు, డ్యూటీకి పో" అనేవాణ్ణి.

"నన్ను కాదురా, నెత్తి మీదికి సూడు. పక్కకు పెడితే అబద్ధం చెప్తది."

అంకె ఎక్కిందంటే ఒకటే కేక: "తియ్యుండ్రి!"

ఒకసారి అలాగే అరిచాడు. అందరూ ఉరికి చీరలు మడిచారు. వాన జాడే లేదు. గాలి తిరిగి ఫ్యాక్టరీ గొట్టం ఆవిరి మా మీదికొస్తే తుపాకి దాన్నే మబ్బని చెప్పింది. బతుకంతా ఆవిరితోనే గడిపిన మనిషి! నేను ఊరుకుంటానా?

"పెద్దనాయినా, గా మబ్బుకు వాన పడదు, షిఫ్టు మారుతది!"

గల్లీ అంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. "ఊకె తీస్తే చేతులు నొస్తయిరా. తియ్యకపోతే కడుపు నొస్తది."

దినాలయ్యాక పెద్దమ్మ ఆ తుపాకి నా చేతిలో పెట్టింది. "పట్టుకపో బిడ్డా. నాకు గా అంకెలు తెల్వయి." అప్పుడూ "సరే" అన్నాను.

నిన్న మళ్లీ డాబాల మీద చీరలు పరిచారు. "ఏమయ్యా, జెర సూడు" అంది నా భార్య. చెయ్యి నిటారుగా ఎత్తి నొక్కాను. అంకె ఎక్కుతోంది. మబ్బో, గొట్టం ఆవిరో తెలియలేదు. పక్క డాబా మీద అడగడానికి ఎవరూ లేరు. ఆడవాళ్లంతా చీర కొసలు పట్టుకుని నా మొహమే చూస్తున్నారు.

అరవాలని నోరు తెరిచాను. కేక వెయ్యకుండా మళ్లీ నొక్కాను.

నా భార్య ఒక్క క్షణం చూసి చీర మడవడం మొదలుపెట్టింది. తర్వాత ఎదురింటి ఆవిడ. తర్వాత ఆ పక్క డాబా, దాని పక్కది. నా చెయ్యి ఇంకా పైనే ఉంది.