మూడు ఊళ్ల వరల్డ్ టూర్‌లో మిగిలిపోయిన ఊరు

మా తమ్ముడి కూతురు స్నేహ పోయిన చలికాలంలో అహ్మదాబాద్ వెళ్లి, వరల్డ్ టూర్ మీద వచ్చిన ఒక విదేశీ రాక్ బ్యాండ్‌ను స్టేడియంలో చూసి వచ్చింది. వస్తూ వస్తూ ఒక నల్ల టీషర్టు కొనుక్కుంది. దాని వీపు మీద ఆ బ్యాండు పాడిన ఊళ్లు, స్టేడియాల పేర్లు బస్సు బోర్డు మీద రాసినట్టు పై నుంచి కిందిదాకా ఉన్నాయి. "ఆ సింగరు వాళ్ల ఊరి యాసలనే పాడిండు అత్తా. మాకు సగం సమజ్ కాలే. అయినా స్టేడియం మొత్తం ఆయనతోటి పాడినం" అంది. నేను ఇరవై ఏళ్లుగా జనగామలో తెలుగు టీచరుని, ఎర్ర పెన్నుతో పిల్లల తప్పులు దిద్దడమే నా పని. ఆ పిల్ల మాట వినగానే నాకు మాత్రం నేను దిద్దిన ఒకే ఒక్క పాట గుర్తొచ్చింది. మాట మార్చడానికి "మేమూ వరల్డ్ టూర్ చేసినం తెలుసా" అన్నాను. ఎన్ని దేశాలని అడిగింది. మూడు ఊళ్లన్నాను. అది అబద్ధం. మేము పాడింది రెండు ఊళ్లలోనే. మూడో ఊరు చూసి రావాలని ఆ రాత్రే అనుకున్నాను, అక్కడ ఒక మనిషికి నేను చెప్పాల్సిన నిజం ఒకటి ఉంది.

ముందు మా బ్యాండు గురించి చెప్పాలి. పేరు ఉరుము. ఇరవై ఎనిమిదేళ్ల కిందటి మాట. నేను చర్చిలో క్యాసియో కీబోర్డు వాయించేదాన్ని, డిగ్రీ తెలుగు చదివేదాన్ని. జహంగీర్ వాళ్లది పెళ్లిళ్లకు బ్యాండు మేళం వాయించే కుటుంబం, అతనిది డ్రమ్స్. సారయ్య నాకన్నా రెండేళ్లు పెద్ద, భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. జనగామలో చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకునేవాడు. గిటారూ అతనిదే, గొంతూ అతనిదే, పాటలూ అతనివే. జనగామ, మానుకోట, భూపాలపల్లిలో వరుసగా మూడు రోజులు కచేరీలు ఒప్పుకొని, తెల్లగుడ్డ మీద 'ఉరుము వరల్డ్ టూర్' అని రాయించాం. పెయింటర్ నవ్వితే జహంగీర్ "మనం చూసిన ప్రపంచం గింతే గదా" అన్నాడు. మానుకోట అంటే మహబూబాబాదే, టికెట్ మీద ఒక పేరు, నోట్లో ఒక పేరు.

శనివారం పొద్దున ఆరున్నరకు మొదటి 'స్టేడియం'కు వెళ్లాను. అంటే జనగామలో మా కాలేజీ గ్రౌండు. నడకకు వచ్చినవాళ్లు చేతులు ఊపుకుంటూ చుట్టూ తిరుగుతున్నారు. అప్పట్లో రెండు ట్రాక్టర్ ట్రాలీలు పక్కపక్కన నిలబెట్టి స్టేజీ కట్టిన చోట ఇప్పుడు కసరత్తు సామాన్లున్నాయి. నేను అటూ ఇటూ చూస్తుంటే వాచ్‌మన్ వచ్చి "ఏమన్న వోయిందా మేడం?" అని అడిగాడు. ఏం చెప్పను? ఇక్కడ మా మొదటి కచేరీ అయిందంటే, "మంచిగయిందా?" అన్నాడు. చాలా మంచిగయింది. సారయ్య వాన పాట ఎత్తుకోగానే గ్రౌండంతా లేచి నిలబడింది. ఎటు వోతున్నవే వానా, మా చేను దూప దీరలే, జర ఆగి పోరాదే. అంతే పాట. దూప అంటే దాహం, మా దగ్గర తెలియనివాళ్లు లేరు.

ఎనిమిది దాటాక ఎక్స్‌ప్రెస్ రైలెక్కాను. జనరల్ టికెట్ అరవై రూపాయలకు అటూ ఇటూ. స్టేషన్ ఘన్‌పూర్, కాజీపేట, వరంగల్ మీదుగా రెండు గంటల ప్రయాణం. కూర్చోవాలంటే కాజీపేటలో జనం దిగేదాకా ఓపిక పట్టాలి. ఆ రోజుల్లో ఇదే దారిలో క్యాసియోను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. సారయ్య తలుపు దగ్గర నిలబడి గాలికి పాడుతున్నాడు. నా సంచిలో ఒక కాగితం ఉంది. వాన పాటను నేను 'మంచి తెలుగు'లోకి మార్చి రాసిన కాగితం. దూప పోయి దాహం వచ్చింది, జర పోయి కాస్త వచ్చింది. అంతకుముందు ఇంటర్‌కు ఉన్న హాస్టల్లో నేను నోరు తెరిస్తే కోస్తా పిల్లలు నవ్వేవారు. సినిమాల్లో మన మాట మాట్లాడేవాడు రౌడీ అయినా కావాలి, జోకరైనా కావాలి. మానుకోట కచేరీకి కోస్తా నుంచి వచ్చిన లెక్చరర్లు కూడా వస్తారని విన్నాను. సారయ్యను కూడా నవ్వుతారని భయపడ్డాను. ఆ భయాన్ని అప్పుడు నేను చదువు అనుకున్నాను.

మానుకోట స్టేషన్ నుంచి పాత స్కూలు గ్రౌండుకు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. గ్రౌండు సగం మిగిలింది, సగంలో షట్టర్లు లేచాయి. జహంగీర్ ఇక్కడి పిల్లనే చేసుకొని ఇక్కడే స్థిరపడ్డాడు. పెళ్లిళ్లకు డీజే బాక్సులు కిరాయికిస్తాడు. గడ్డం తెల్లబడింది, వేళ్లు మాత్రం కౌంటర్ మీద ఊరికే ఉండవు. "అరే బహెన్! గిన్నేండ్లకు యాదికొచ్చినమా?" అని కుర్చీ తుడిచి వేశాడు. పక్క హోటల్ నుంచి బగారన్నం, కోడికూర తెప్పించాడు, నన్ను పర్సు తియ్యనివ్వలేదు. తింటుంటే మాట పాత కచేరీ మీదికే వెళ్లింది. "మాటల్ల చిక్కువడి ఆగిపోయిండు గదా మనోడు. దూప అంటె నా డ్రమ్ము దెబ్బకు సరీగ వడుతుండె. దాహం అనంగనే తాళం తప్పింది. ముంగట వరస నవ్వింది. పాట మార్చమని గా సారు మన టూర్ మొత్తం ఖరాబ్ చేసిండు" అన్నాడు.

ఇక్కడే నా తప్పుంది. ఆ రోజు స్టేజీ ఎక్కే ముందు నా కాగితం సారయ్య చేతిలో పెట్టి, ఇలాగే పాడాలన్నాను. పాట ఆగిపోయాక మైకు కింద పెట్టి స్టేజీ దిగిన సారయ్య "పాట ఎవలు మార్చమన్నరు?" అని అడిగాడు. ఎదురుగా కార్యక్రమం పెట్టించిన లెక్చరర్ కనిపించాడు. "సార్ మార్చమన్నడు" అనేశాను. ఆ సారుకు పాపం పాట సంగతే తెలియదు, ఎన్ని కుర్చీలు వెయ్యాలని మాత్రమే మమ్మల్ని అడిగాడు. ఆ రాత్రే సారయ్య గిటారు జహంగీర్‌కు ఇచ్చేసి ఎటో వెళ్లిపోయాడు. భూపాలపల్లి కచేరీ జరగలేదు. జహంగీర్‌కైనా నిజం చెబుదామని నోరు తెరిచాను. అతను "ఇంకింత కూర ఏసుకో" అన్నాడు. నోరు మూసుకొని వేసుకున్నాను. సారయ్య ఇంటి గుర్తులు మాత్రం రాయించుకున్నాను.

మానుకోట నుంచి భూపాలపల్లికి నేరుగా బస్సు కోసం ఆగితే పొద్దుగూకుతుంది. పన్నెండింటికి నర్సంపేట బస్సెక్కి, అక్కడ ములుగుకు, ములుగులో భూపాలపల్లికి మారాను. నాలుగున్నర దాటింది. ఆడవాళ్లం ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్, చిల్లర గొడవ లేదు. మక్క చేన్లు, పత్తి చేన్లు, ములుగు దాటాక అడవి. చూడాల్సిన దారే, కానీ నాకు కిటికీలోంచి చూసినట్టే లేదు. చెప్పాల్సిన వాక్యాన్ని దారి పొడుగునా దిద్దుకుంటూ కూర్చున్నాను, అలవాటు కదా. కండక్టరమ్మ "ఏందక్కా, నీలో నువ్వే మాట్లాడుకుంటున్నవ్, పానం మంచిగనే ఉన్నదా?" అని అడిగింది.

గని కార్మికుల కాలనీలో రెండో వరస. గేటు దగ్గరికి వెళ్లేసరికి సారయ్య పక్కింటాయనతో గట్టిగా మాట్లాడుతున్నాడు. "మోటరు బందు వెట్టమని ఎన్నిసార్ల జెప్పాలె నీకు, నీళ్లన్ని రోడ్డు మీదికి వోతున్నయ్!" అదే గొంతు, కొంచెం బొగ్గు పట్టిందంతే. నన్ను చూసి గుర్తుపట్టాడు. ముఖం వెలిగి, వెంటనే సర్దుకుంది. "రండి సుజాత గారూ. ప్రయాణం బాగా జరిగిందా? కూర్చోండి. దాహంగా ఉందా? మంచినీళ్లు తెప్పిస్తాను" అన్నాడు.

దాహం అన్నాడు. నన్ను పిల్లా అని పిలిచిన మనిషి గారూ అన్నాడు. చెంబుతో నీళ్లు తెచ్చిన వాళ్లావిడ సమ్మక్క విస్తుపోయి చూసింది. "ఏమైందయ్యా నీకు? టీవీల వార్తలు జదివినట్టు మాట్లాడవట్టె!" అని నవ్వి లోపలికి వెళ్లింది. నాకు నవ్వు రాలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా కాగితం ఆ మనిషి నోట్లో ఇన్నేళ్లు ఉండిపోయింది.

దారంతా దిద్దుకున్న వాక్యం ఒక్కటీ పనికిరాలేదు. "అన్నా, సారు ఏం అనలే. పాట నేనే మార్చిన. నిన్ను గూడ నవ్వుతరని భయపడ్డ. నువ్వు అడిగితె సారు పేరు జెప్పిన" అన్నాను.

అతను నాకివ్వబోయిన నీళ్ల చెంబు కింద పెట్టాడు. ఆ తర్వాత కాలనీ అంతా వినేలా అందుకున్నాడు.

"గంత పని జేసినవానే? నాకు మాటలు రావనుకున్న గదనే ఇన్నేండ్లు! చదువుకున్నోడు ఎదురొస్తె నోరు తెరువాల్నంటె భయపడుకుంట బతికిన. మా బాపు ఆనాడు షిఫ్టు ఇడిసిపెట్టి, బాయిల దోస్తులందరిని తోలుకొచ్చి గీ ఊరి గ్రౌండ్ల మనకోసం ఎదురుజూసుకుంట కూసున్నడు. నా కొడుకు పాడుతడని అందరికి చాయ్ తాపిండట. పోయినేడు సచ్చేదాక గా సారునే తిట్టిండు మా బాపు. గా సారు ఏం పాపం జేసిండే? పంతులమ్మవైనవట గదా, నువ్వేం నేర్పుతున్నవ్ పిల్లలకు?"

తల వంచుకొని అన్నీ విన్నాను. అయితే నిజం చెప్పాలి, అంత సిగ్గులోనూ నా చెవులకు ఒక మాట చల్లగా తగిలింది. నువ్వు అంటున్నాడు. గారూ పోయింది, కూర్చోండి పోయింది. సమ్మక్క పరుగెత్తుకొచ్చి "ఏందయ్యా, ఇంటికొచ్చిన మనిషి మీద గట్ల ఒర్రుతవ్?" అంది. సంగతి విని కాసేపు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత "తిట్టిండంటె ఇంటి మనిషివే చెల్లె. లే, కాళ్లు కడుక్కో, అన్నం తిందువు" అంది.

తిన్నాక అతనే లేచి, "గ్రౌండ్ చూడనీకి వచ్చినవ్ గదా, నడువు" అన్నాడు. మూడో స్టేడియం ఇంటికి వంద అడుగుల దూరంలోనే ఉంది. సిమెంటు స్టేజీ, గోడ మీద రంగు వెలసిపోయింది. పిల్లలు వాలీబాల్ ఆడుతున్నారు. సారయ్య నీళ్ల పంపు దగ్గర నేల చూపించి "గిక్కడ కూసున్నడట బాపు" అన్నాడు. మేమిద్దరం అక్కడే నిలబడ్డాం. పాడతావా అని అడగబోయి ఆగాను. అడిగే హక్కు నాకు లేదు. అతనే "ఇయ్యాల గొంతు లేవది. ఇంకోసారొస్తె చూద్దాం" అన్నాడు.

మరుసటి రోజు పరకాల మీదుగా హనుమకొండ వచ్చి, కాజీపేటలో రైలెక్కి ఇల్లు చేరాను. స్నేహ టీషర్టు మీద ఎన్నో దేశాల పేర్లున్నాయి. నా టూర్ మొత్తం ఒక రోజు ప్రయాణం. అయినా దాన్ని పూర్తి చెయ్యడానికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. సారయ్యన్న నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. తిట్టాడు, అన్నం పెట్టాడు, మళ్లీ రమ్మన్నాడు. మానుకోట లెక్చరర్ సారు కూడా ఇప్పుడు లేరని తర్వాత తెలిసింది. ఆయనకు చెప్పుకునే దారి ఇక ఎటూ లేదు.

ఈ మూడు ఊళ్లు ఒక్క రోజులో చుట్టాలనుకునేవాళ్లకు ఒక్కటే సలహా. రైలు, బస్సు వేళలు చూస్తే అందరూ జనగామ నుంచే మొదలుపెట్టమంటారు, లెక్క ప్రకారం అదే సులువు. కానీ ఏదైనా ఊళ్లో మీరు చెప్పాల్సిన మాట ఉంటే, ఎన్ని బస్సులు మారాల్సి వచ్చినా ఆ ఊరికే ముందు వెళ్లండి. నేను దాన్ని చివర పెట్టుకున్నాను. సారయ్యన్న బాపుకు ఒక్క ఏడాది ఆలస్యంగా చేరాను.