ఆగండిగారి జార్

మా ల్యాబులో పెద్దాయన నోట రోజుకి కనీసం వందసార్లు వచ్చే మాట ‘ఆగండి’. జరుగుతున్నదాన్ని ఆపడానికి అనేవారు, జరగబోయేదాన్ని ఆపడానికి అనేవారు, ఏమీ జరగనప్పుడు ముందుజాగ్రత్తగా కూడా అనేవారు. హాజరుపట్టీలో ఆయనకి నిక్షేపంలాంటి పేరుంది. అయినా ఆసుపత్రి మొత్తానికి ఆయన ఆగండిగారే. జీతాల గుమాస్తా ఓసారి కవరు మీద కూడా అలాగే రాసేసి, నాలుక కరుచుకుని కొట్టేశాడు.

టీ కప్పు నోటిదాకా తీసుకెళ్తే ఆగమనేవారు, చేతులు కడుక్కున్నామో లేదో గుర్తు చేసుకోవాలట. గుర్తు చేసుకునేలోగా టీ చల్లారేది. ఇంట్లో గోడలకి రంగు వేయించాలని వాళ్లావిడకి పెళ్లైన కొత్తలో అనిపించింది. రంగుల నమూనా అట్ట తెచ్చుకుని ఆయనకి చూపించింది. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ అట్ట మీది రంగులు వెలిసిపోయాయి గాని, గోడలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఈ జబ్బు ఆయనకి ఉద్యోగం వల్లే వచ్చిందని నా అనుమానం. కడుపు లోపలి గోడ నుంచి డాక్టర్లు తీసి పంపే చిన్న ముక్కలో ఒక సూక్ష్మజీవి ఉందో లేదో చూడడం మా పని. ముందు ఆ ముక్కని పసుపురంగు మందులో వేస్తాం. జీవి ఉంటే మందు గులాబీరంగుకి తిరుగుతుంది. తర్వాత ఇంకో ముక్కని ప్లేటు మీద రుద్ది, గాలి తగ్గించిన జార్‌లో పెట్టి మూత బిగిస్తాం. అది పెరగడానికి బద్ధకించే జీవి. మూడోరోజున పెరగొచ్చు, ఎనిమిదోరోజున పెరగొచ్చు. మధ్యలో మూత తీస్తే అలిగి అసలు పెరగకపోవచ్చు. అలాంటి దానితో ముప్పై మూడేళ్లు కాపురం చేసిన మనిషి తొందరపడమంటే ఎలా పడతాడు?

నేను చేరిన రోజునే ఆయన నాకు పాఠం చెప్పారు. ఆ జీవి చాలామంది కడుపుల్లో ఉంటుందట, అందులోనూ రకాలున్నాయట. మెతకరకం మర్యాదగా అద్దెకున్నవాడిలా ఓ మూల పడుంటుంది. చెడ్డరకం గోడలు తవ్వుతుంది. ఏళ్ల తరబడి అలా తవ్విన చోట కొందరికి క్యాన్సర్ పుడుతుంది. అందరికీ కాదు. కానీ ఇంట్లో ఒకరికి వచ్చినచోట మిగతావాళ్ల గురించి జాగ్రత్త పడాలి. ఇంత చెప్పి, నేను నోటుబుక్కు మూయబోతే ఆగమన్నారు. సిరా ఆరలేదట.

ఇక మా లిఫ్టుమనిషి సంగతి. నలభై ఒక్కేళ్లుంటాయి. వాళ్ల నాన్న కడుపు క్యాన్సర్‌తో పోయాడు, అన్నయ్యా దానితోనే పోయాడు. ఇద్దరూ యాభై చూడలేదు. ఇతనికి కడుపులో మంట మొదలై ఏడాదైనా ఎవరికీ చెప్పకుండా గ్యాస్ మాత్రలు చప్పరిస్తూ అంతస్తులు ఎక్కిదిగుతున్నాడు. చివరికి డాక్టరుగారు పట్టుకుని నోట్లోంచి కడుపులోకి గొట్టం వేయించారు. ముక్క మా దగ్గరికొచ్చింది. పసుపు పసుపుగానే ఉండిపోయింది, ప్లేటు మీద ఏమీ మొలవలేదు. లేదని రిపోర్టు ఇచ్చేశాం. ఆ రోజు లిఫ్టు ఎక్కినవాళ్లందరికీ అతను తనకేం లేదని చెప్పాడు, ఒకే మనిషి రెండుసార్లు ఎక్కితే రెండుసార్లూ చెప్పాడు.

ఆగండిగారు మాత్రం లిఫ్టు తలుపు మధ్యలో కాలు పెట్టి నిలబడ్డారు.

"గొట్టం వేసిన రోజున గ్యాస్ మాత్ర వేసుకున్నావా?"

"ఒకటే సార్. భయానికి."

"ముందురోజు?"

"అది మంటకి సార్."

"మరింకేం. మాత్ర ఉన్నన్నాళ్లూ అది నక్కి కూర్చుంటుంది, మా కంటికి దొరకదు. మేం లేదన్నది మాకు కనపడలేదని. నీ కడుపులో లేదని కాదు. రెండు వారాలు మాత్ర ముట్టకుండా ఉండు, మళ్లీ చూద్దాం."

అతను తలూపాడు. ఆ తలూపడం ఎంతవరకు నమ్మొచ్చో ఆగండిగారికి తెలుసు. మర్నాటి నుంచి ఆయన భోజనాల వేళ క్యారేజీ పట్టుకుని లిఫ్టులోకి మకాం మార్చారు. ఒంటిచేత్తో తింటూ, రెండో చేత్తో అతని జేబులు తడుముతూ, కింది నుంచి ఆరో అంతస్తుకీ, ఆరు నుంచి కిందికీ తిరిగారు. మొదటిరోజు చొక్కాజేబులో మాత్రలు దొరికాయి. రెండోరోజు కళ్లజోడు పెట్టెలో. నాలుగోరోజు మేజోడులో. మంట భరించలేనప్పుడు వేసుకోవడానికి, పరీక్షకి అడ్డం రాని వేరే మందు డాక్టరుగారినడిగి ఆయనే తెచ్చిచ్చారు. ఆసుపత్రంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. పదవీ విరమణకి నెలైనా లేని మనిషికి లిఫ్టు సరదా పుట్టిందని అందరికంటే గట్టిగా అన్నది నేనే.

ఆ నెలలోనే ఆయనకి విరమణకి ముందు చేసే వైద్యపరీక్ష జరిగింది. గొట్టం అక్కర్లేకుండా ఊదించి చూసే ఊపిరి పరీక్షలో ఆ జీవి ఆయన కడుపులోనూ ఉందని తేలింది. ముప్పై మూడేళ్లు దాన్ని వెతికినవాడి కడుపులోనే అది కాపురముండడం మాకు నెలకి సరిపడా తమాషా. డాక్టరుగారు దాన్ని చంపే మాత్రలు రాసిచ్చారు. ఈయన యథాప్రకారం ఆగమన్నారు. ముందు అది ఏ రకమో తేలాలట, గొట్టం వేసి ముక్క తీయాల్సిందేనట. పళ్ల డాక్టరు గది ముందు నుంచి నడవాల్సొస్తే చుట్టుతిరిగి వెళ్లే మనిషి ఈయన. చాదస్తం తలకెక్కిందనుకున్నాం.

గొట్టం ఇద్దరికీ ఒకేరోజు వేశారు. ముందు ఈయనే మింగారు, పక్కమంచం మీద లిఫ్టుమనిషి చూస్తుండగా. కళ్లవెంట నీళ్లు కారుతుంటే కూడా, భయం లేదన్నట్టు అతనికి చెయ్యి ఊపుతూనే ఉన్నారట. ముక్కలు మా దగ్గరికి రాగానే ఆయనది గులాబీరంగుకి తిరిగింది. లిఫ్టుమనిషిది పసుపూ కాదు, గులాబీ కాదు, మధ్యలో ఏదో రంగు. రెండు ప్లేట్లూ ఆయనే సిద్ధం చేసి ఒకే జార్‌లో పెట్టి మూత బిగించారు. రెండోరోజున ఆయన పదవీ విరమణ చేశారు. సభలో మాట్లాడమంటే లేచి, రెండు ముక్కలు చెప్పి, జార్ ఉన్న పెట్టె వేడి సరిగ్గా ఉందో లేదో చూసి రావాలని వెళ్లారు. మళ్లీ రాలేదు.

ఆయన కుర్చీలోకొచ్చిన మేడమ్ పనిలో చురుకు, మాటలో సూటి. ఐదోరోజు పొద్దున్నే నన్ను పిలిచి, అనుమానం ప్లేట్లు ఐదు రోజులకి మించి ఉంచకూడదు కదా, లిఫ్టుమనిషిది తీసి పారేసి లేదని రిపోర్టు రాయమంది. ఆ రిపోర్టు అతని చేతికి వెళితే ఏమవుతుందో నాకు తెలుసు. ఇక జన్మలో గొట్టం మింగడు. మళ్లీ గ్యాస్ మాత్రలు, ఆ తర్వాత నాన్నా అన్నయ్యా వెళ్లిన దారి.

జార్ తీయబోయి దాని మీది చీటీ చూశాను. రెండు నంబర్లున్నాయి. కింద ఆయన చేతిరాత: ‘ఇందులో ఉన్నవాడికి జీవి ఉన్నట్టు తేలింది. ఎనిమిదోరోజుకి ముందు తెరవరాదు.’ అది మా ల్యాబు పద్ధతే. అనుమానం ప్లేటుకి ఐదురోజుల ఆయుష్షు, తేలినవాడి ప్లేటుకి ఎనిమిది. అప్పుడు వెలిగింది నాకు. ఆయన మాత్రలు ఎందుకు వాయిదా వేశారో, ఏ అవసరమూ లేని గొట్టం ఎందుకు మింగారో. తను కుర్చీ దిగిపోయాక లిఫ్టుమనిషి ప్లేటుని కాపాడడానికి ఆయనకి జార్ లోపల ఒక కాపలా కావాలి. తన కడుపునే పెట్టి వెళ్లారు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

"ఈ జార్ తెరవడం కుదరదు మేడమ్. పక్క ప్లేటు పాడవుతుంది."

"ఒక్క నిమిషం తీసి మూసేస్తే ఏమవుతుందమ్మా?"

"పద్ధతి పుస్తకంలో తెరవకూడదనే ఉంది. తెరవాలంటే మీరు రాసి సంతకం పెట్టండి. నేనైతే తెరవను."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మేడమ్ జార్ మీది చీటీ చదివి, మూడురోజులే కదా అని తన పని చూసుకుంది.

ఎనిమిదోరోజు ఇద్దరం కలిసి మూత తీశాం. ఆయన ప్లేటు నిండా మొలకలే. లిఫ్టుమనిషి ప్లేటు మీద మొదట ఏమీ కనపడలేదు. మేడమే దీపం కిందకి వంచి, భూతద్దం పట్టి వెతికింది. ఒక అంచున సూదిమొన పాటి నీటిచుక్కల్లా నాలుగు. రకం పరీక్షకి పంపితే ఆయనది మెతకదని వచ్చింది. అతనిది చెడ్డది.

కబురు చెబుదామని ఆగండిగారింటికి వెళ్లాను. గొట్టం దెబ్బకి పట్టిన గొంతు నొప్పి విరమణ సభ తర్వాత ఎక్కువై ఆయన మూడురోజులు నోరు విప్పలేదట. ఆ మూడురోజుల్లో వాళ్లావిడ ఇంటికంతా రంగు వేయించేసింది. రంగు ఆరిందని నమ్మకం కుదరక ఆయన గోడలకి తగలకుండా హాలు మధ్యలో స్టూలు మీద కూర్చుని విన్నారు. నాలుగు మొలకలని చెప్పగానే రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. కాసేపటికి చేతులు తీసి, ఏ మందుకి లొంగుతుందో చూశారా అని అడిగారు. చూశామన్నాను.

పద్నాలుగు రోజులు ఇద్దరూ మాత్రలు మింగారు, లిఫ్టులోనే, ఒకే సీసాలో నీళ్లతో. ఆరు వారాలకి ఊపిరి పరీక్షలో ఇద్దరికీ లేదని తేలింది. కడుపు గోడ కూడా పెద్దగా పాడవలేదని, ఏడాదికోసారి చూపించుకుంటే చాలని డాక్టరుగారు లిఫ్టుమనిషికి చెప్పారు. ఈసారి అతను ఎవరికీ చెప్పుకోలేదు. రెండురోజులు సెలవు పెట్టి ఎటో వెళ్లాడు.

మూడోరోజు పొద్దున లిఫ్టు మధ్యలో ఎక్కడా ఆగకుండా నేరుగా మా అంతస్తుకొచ్చింది. తలుపు తెరిస్తే లోపల వాళ్లమ్మ, అక్క, పోయిన అన్నయ్య పిల్లలు, కాలేజీ చదివే కొడుకూ కూతురూ.

"ఇంతమందినీ ఎవరు పంపారు?" అంది మేడమ్.

"ఎవరూ పంపలేదు మేడమ్. నేనే తీసుకొచ్చాను. గ్యాస్ మాత్రలు ఎవరూ వేసుకోలేదు, నేను చూశాను."

మేడమ్ ఇంకేం అడగకుండా నాలుగు దరఖాస్తులు తీసింది. నేను వరండాలోకి వెళ్లి ఆగండిగారికి ఫోన్ చేశాను. పూర్తిగా చెప్పకముందే ఫోన్ పెట్టేశారు. పావుగంటలో ఆయాసపడుతూ మెట్ల మీదుగా వచ్చారు. లిఫ్టు కోసం ఎదురుచూసే ఓపిక లేకపోయిందట. ఒక కాలికి ఆయన చెప్పు, రెండో కాలికి వాళ్లావిడ చెప్పు ఉన్నాయి.