బల్లల రంగు మీద ప్రజాభిప్రాయం

మూలకుళంలో మా వీధి చివర పల్లంగా ఉన్న ఖాళీ స్థలానికి చుట్టూ గోడ కట్టి పార్కు చేస్తామనీ, జనం వచ్చి అభిప్రాయం చెప్పాలనీ రేషన్ షాపు గోడకు నోటీసు అంటించారు. నేను మురిసిపోయాను. మనల్ని అడిగి పనులు చేసే రోజులొచ్చాయని చెప్పి మా పెద్దమ్మను మీటింగు పెట్టిన కల్యాణ మండపానికి తీసుకెళ్లాను. ఆ వీధిలో మొదటి ఇల్లు కట్టుకున్నది ఆమే.

మీటింగు పనిరోజున, పొద్దున పదకొండుకు. అంటే ఉద్యోగాలకు పోయేవాళ్లు రాకూడదనే. వచ్చినవాళ్లం గుమ్మంలో సంతకం పెడితే వడ, కాఫీ ఇచ్చారు. లోపల గోడకు పార్కు బొమ్మ. అందులో బెలూన్లు పట్టుకుని పరిగెడుతున్న పిల్లలు మా వీధి పిల్లల్లా అయితే లేరు. చొక్కా నలగని ఒక ఆఫీసరు తలా ఒక స్టిక్కరు పంచి, పార్కు బల్లలకు పచ్చరంగు వేయాలో నీలం వేయాలో నచ్చిన రంగు మీద అంటించి మీరే తేల్చాలన్నాడు. అంత బరువు మా మీద పెట్టినందుకు చప్పట్లు పడ్డాయి. నేనూ కొట్టాను.

పెద్దమ్మ లేచి ఊరి భాష అరవంలో అడిగింది. మూడు వీధుల వాననీళ్లు ఆ పల్లంలోకి దిగి వెనక కాలువలో కలుస్తాయి కదా, గోడ కడితే ఎట్లా పోతాయని. ఆయన చాలా మంచి పాయింటు అంటూ రాసుకున్నాడు. ఆ కాగితాన్ని కుర్చీలోనే వదిలేసి పోయాడు.

పెద్దమ్మ తన స్టిక్కరు నా చేతిలో పెట్టింది.

"ముహూర్తం పెట్టేసినాక పెండ్లికూతుర్ని చీర రంగేందని అడిగినట్టుండాది. నువ్వే అంటించుకో."

రెండూ నీలం మీద అంటించాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. తీరా గోడ లేచాక బల్లలు ఎర్రవి వచ్చాయి.

అక్టోబరు చివర, ఐప్పసి నెల వానలకు గోడకు ఇవతల నీళ్లు మోకాలిలోతు నిలిచి, మా వంటిళ్లలోకి వచ్చాయి. ఆఫీసుకు పోతే గుమాస్తా ఫైలు తీసి నా సంతకం చూపించాడు. వడ కోసం పెట్టిన సంతకం పార్కుకు ఒప్పుకోలు అయి కూర్చుంది. పక్కనే లేచి నిలబడి అడుగుతున్న పెద్దమ్మ ఫోటో, కింద 'ఉత్సాహంగా పాల్గొన్న పౌరురాలు' అని. ఆమె ఏం అడిగిందో ఎక్కడా లేదు.

ఇంటికొచ్చి చెప్పాను. పెద్దమ్మ తిట్టలేదు. చీర ఎగదోపి ఆ నీళ్లలోనే ఇంటింటికీ పోయింది. మర్నాడు పొద్దున అందరం గడ్డపారలు తెచ్చి గోడ అడుగున రెండు చోట్ల పగలగొట్టాం. మధ్యాహ్నానికి నీళ్లు పార్కులో పడి కాలువకు పోయాయి.

మూడో రోజు అదే ఆఫీసరు వచ్చి, ఎవర్ని అడిగి పగలగొట్టారన్నాడు. కోపమొస్తే పెద్దమ్మకు ఇంటి మాటే, తెలుగే వస్తుంది.

"ఇంటింటికీ పోయి అడిగినాం. వద్దన్నోళ్లు ఒక్కరూ లేరు."

నేను దాన్ని అక్షరం పొల్లుపోకుండా అరవంలో చెప్పాను. ఆయన టేపుతో ఆ కంతల్ని కొలుచుకుని పోయాడు.