తొమ్మిది గ్రాముల యంత్రం

లిఫ్టులు తయారుచేసే ఆ కంపెనీ హెడ్డాఫీసులో లిఫ్టు పనిచేయదు. అందుకే మూడో అంతస్తులో ఉన్న సర్వర్ రూముకి ఎవరూ ఊరికే రారు. వచ్చారంటే కంప్యూటరు మొరాయించిందని అర్థం. ఇరవై రెండేళ్లుగా ఆ రూములో ఉంటున్న పెద్దమనిషి, ఆయాసపడుతూ వచ్చినవాళ్ల మొహం చూడకుండానే, "రీస్టార్టు చేశారా?" అంటారు. చేయలేదు కాబట్టి వాళ్లు దిగిపోతారు. నూటికి ఎనభై మంది మళ్లీ రారు. కంప్యూటరు బాగుపడిందో, మళ్లీ మూడంతస్తులు ఎక్కే ఓపిక లేకపోయిందో ఎవరూ తేల్చలేదు. ఆయనకి మాత్రం రీస్టార్టు గారని పేరు స్థిరపడింది. అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉంది.

ఆ రూముకి కిటికీ లేదు. ఏసీ మాత్రం యంత్రాల కోసం నిండుగా ఉంది. అందుకని ఆయన ఎండాకాలంలో కూడా ఆఫీసుకి రాగానే స్వెట్టరు తొడుక్కుంటారు. ఒక చెయ్యి ఊడిపోయిన కుర్చీ ఉంది. దాని చక్రాలు ఆయనే రెండుసార్లు మార్చుకున్నారు. ఆ కుర్చీలో కూర్చుంటే కింద ఎవరి మాటా వినబడదు. ఆయన జీవితంలో సంపాదించుకున్న సుఖం అదే.

వినబడకూడని మాటల్లో మొదటిది గ్రౌండ్ ఫ్లోరులో స్టోర్సు చూసే బావగారిది. అంటే రీస్టార్టు గారి భార్యకి అన్నయ్య. రీస్టార్టు గారికి ఉద్యోగం ఇప్పించింది తానేనని బావగారు ఇరవై రెండేళ్లుగా చెబుతున్నారు. నిజానికి ఆయన చేసింది దరఖాస్తు ఫారం తెచ్చివ్వడం. ఇద్దరూ ఒకరినొకరు "బావగారూ" అనే పిలుచుకుంటారు. దూరం నుంచి వినేవాళ్లకి అదంతా గౌరవమే అనిపిస్తుంది.

కొండ అవతల నలభై కిలోమీటర్ల దూరంలో కంపెనీ ఫ్యాక్టరీ ఉంది. డ్రాయింగులన్నీ హెడ్డాఫీసు సర్వరులో ఉంటాయి. రెండిటి మధ్యా ఒక రేడియో లైను. వెళ్లడానికీ రావడానికీ అదొక్కటే దారి. ఎనిమిది నెలలుగా ఆ దారి కిక్కిరిసిపోయి, ఫ్యాక్టరీలో ఒక డ్రాయింగు తెరవాలంటే పదకొండు నిమిషాలు పడుతోంది. లైనిచ్చినవాళ్లు నెలనెలా ఒక కాగితం పంపుతున్నారు, లైను పూర్తిగా నిండి ఉంటోందని. రీస్టార్టు గారు ఆ కాగితాలన్నీ తేదీల వారీగా ఫైలు చేశారు. ఏది నింపుతోందని మాత్రం అడగలేదు. ఫ్యాక్టరీ వాళ్లని రీస్టార్టు చేయమన్నారు.

ఇలా ఉండగా డైరెక్టరు గారు ఒక ఎగ్జిబిషనుకి వెళ్లి, ఒక కేటలాగుతో, ఒక చిరునవ్వుతో తిరిగొచ్చారు. నెట్‌వర్కుని చురుగ్గా చేసే యంత్రమొకటి కొనేశారు. అది లైను మీద కాపలాదారులా కూర్చుని, వెళ్లే సరుకుని నొక్కి చిన్నది చేస్తుందట. ఒకసారి పంపింది గుర్తుపెట్టుకుని మళ్లీ పంపనివ్వదట. అన్నిటికంటే విశేషం, ఆ యంత్రం కంటికి కనబడదు. వర్చువల్.

"శుక్రవారం పదకొండింటికి నేను ఫ్యాక్టరీలో కూర్చుని డ్రాయింగు తెరుస్తాను. నిమిషంలో తెరుచుకోవాలి," అన్నారు డైరెక్టరు.

"ప్రయత్నిస్తాను సార్."

"తెరుచుకోకపోయినా మీకేం భయం లేదు. సర్వర్ రూము బయటివాళ్లకి అప్పజెప్పేస్తాం. మీరు హాయిగా స్టోర్సులో కూర్చోండి. అక్కడున్నది మీవాళ్లే కదా."

ఈ వార్త మెట్ల మీంచి రీస్టార్టు గారి కంటే ముందే దిగింది. సాయంత్రం ఆయన బండి తీస్తుంటే బావగారు గుమ్మంలోకి వచ్చారు.

"మీకోసం బల్ల తుడిపించాను బావగారూ. నా పక్కనే. ఫ్యాను కింద."

ఇంట్లో భార్య కూడా ఊరడించింది. "అన్నయ్య దగ్గర పనిచేయడానికి మీకు నామోషీ ఏంటి?"

"నామోషీ కాదే. రోజుకి ఎనిమిది గంటలు ఆయన మాట వినాలి."

"నేను పుట్టినప్పట్నుంచీ వింటున్నా. నాకేమయింది?" అందామె. ఆయన కంచం ముందుకి లాక్కున్నారు. పెళ్లయి చాలా ఏళ్లయింది కాబట్టి.

సోమవారం పని మొదలైంది. యంత్రం అమ్మినవాళ్లు సర్వరులోకి ఎక్కించుకోవడానికి ఫైలు పంపారు. అది పనిచేయడానికి కావలసిన తాళం, అంటే ఒక పొడుగాటి అంకెల వరస, మాత్రం పంపలేదు. కొన్న కంపెనీ స్టోర్సు నుంచి 'సరుకు అందింది' అని ముద్ర వేసిన స్లిప్పు చేరాకే పంపుతారు. ఆ నిబంధన వాళ్లది కాదు. కొన్న కంపెనీదే. ఎవరో మోసం చేస్తారని పూర్వం పెట్టుకున్నది.

రీస్టార్టు గారు మూడంతస్తులు దిగారు.

"పెట్టె ఏది?" అన్నారు బావగారు.

"పెట్టె ఉండదు బావగారూ. వర్చువల్."

"అంటే?"

"యంత్రమే. కాకపోతే ఇనుము ఉండదు. ఫైలుగా వస్తుంది. మన సర్వరులో ఎక్కిస్తే యంత్రంలా పనిచేస్తుంది."

"ఫైలైతే రికార్డు రూముకి తీసుకెళ్లండి. ఇది స్టోర్సు."

"ఆర్డరులో యంత్రమని రాసుంది కదా."

"నేనూ అదే అడుగుతున్నా. యంత్రం ఏది?"

బావగారు స్లిప్పుల పుస్తకం తిప్పి చూపించారు. సంఖ్య, రంగు, బరువు, దెబ్బలేమైనా తగిలాయా. నాలుగు గడులు. "ఒక్కటి ఖాళీగా వదిలినా ఆడిట్లో నా మెడకి చుట్టుకుంటుంది. మీకేం, పైన చల్లగా కూర్చుంటారు."

మంగళవారం రీస్టార్టు గారు ఆ ఫైలుని ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించి తెచ్చారు. బావగారు దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశారు. సంఖ్య ఒకటి. రంగు నలుపు. దెబ్బల్లేవు. బరువు దగ్గర ఆగారు. స్టోర్సు కాటా మీద లిఫ్టు బరువులు తూస్తారు. అరకిలో కంటే తక్కువైతే ముల్లు కదలదు. రీస్టార్టు గారు పెన్‌డ్రైవు పట్టుకుని రెండో అంతస్తులో ఉత్తరాలు పంపే గుమాస్తా దగ్గరికి పరిగెత్తారు. తొమ్మిది గ్రాములని రాయించుకొచ్చారు.

"ఉత్తరాల కాటా ఉత్తరాలకే చెల్లుతుంది," అన్నారు బావగారు. "అయినా మీరు మనవాళ్లు. పై వాళ్లని అడిగి చూస్తా. ముందు నంబరు స్టిక్కరు అతికించనివ్వండి."

ఆ స్టిక్కరు లిఫ్టు మోటార్ల కోసం అచ్చు వేయించినది. పెన్‌డ్రైవు కంటే పెద్దది. దాన్ని చుట్టూ తిప్పి గట్టిగా అతికించేసరికి, ఆ పెన్‌డ్రైవు ఇక ఈ జన్మలో ఏ కంప్యూటర్లోనూ దూరదు. బావగారు దాన్ని ఇనప బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నడుముకి కట్టుకున్నారు. స్లిప్పు మీద ముద్ర వేయలేదు.

బుధవారం రీస్టార్టు గారు తాళం లేకపోయినా యంత్రాన్ని ఎక్కించి ఉంచుదామనుకున్నారు. సర్వర్ రూములో ఉన్నది ఒక్కటే పెద్ద సర్వరు. దాని మీద హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక ఇంటిని పోర్షన్లుగా విడగొట్టి, ఎవరికి వాళ్లకి ఇల్లంతా తమదేననే భ్రమ కల్పించే ఇంటి ఓనరు లాంటిదది. అప్పటికే ఎనిమిది పోర్షన్లలో ఎనిమిది మంది ఉన్నారు. తొమ్మిదో అద్దెదారుకి ఎంత జాగా, ఎంత మెమరీ కావాలో అడిగి, పాత కాపురస్తుల్లో ముగ్గురి దగ్గర కాస్త కాస్త కోసి ఇచ్చారు. ఫైలు ఎక్కడానికి నలభై నిమిషాలు పట్టింది. తెర మీద 'నడుస్తోంది' అని ఆకుపచ్చగా వెలిగింది. ఆయన స్వెట్టరు గుండీలు సర్దుకున్నారు.

ఈ యంత్రానికి రెండు కాళ్లు. ఒకటి ఆఫీసు వైపు ఉండాలి, ఒకటి లైను వైపు ఉండాలి. ఒక్కో కాలికి ఒక్కో వర్చువల్ స్విచ్చి, అంటే లైన్లు కలిసే కూడలి లాంటిది. ఈ మాట యంత్రంతో పాటు వచ్చిన పుస్తకంలో రెండు చోట్ల రాసి ఉంది. రీస్టార్టు గారు పుస్తకం చదవడం మొదలుపెట్టింది ఆ తర్వాత. రెండు కాళ్లూ ఒకే స్విచ్చిలో పెట్టారు. లోపలికి వచ్చింది బయటికి పోయి, బయటికి పోయింది లోపలికి వచ్చి, సమాచారమంతా గానుగెద్దులా గిరగిరా తిరిగింది. రెండు నిమిషాల్లో నాలుగంతస్తుల్లో ప్రతి కంప్యూటరూ, ప్రతి ఫోనూ కళ్లు తేలేశాయి.

జనం కుర్చీల్లోంచి లేచి, పక్క బల్లల దగ్గరున్నవాళ్లతో మాట్లాడారు. కొందరికి అదే మొదటి పరిచయం. పైకి మాత్రం ఎవరూ రాలేదు. అందరూ చెప్పకుండానే రీస్టార్టు చేసుకుంటున్నారు.

ఒక్క బావగారు వచ్చారు. మూడంతస్తులు ఎక్కి, గుమ్మం పట్టుకుని నిలబడ్డారు.

"నా తెర నల్లబడింది బావగారూ."

"అందరిదీ నల్లబడింది."

"అందరి సంగతి నాకెందుకు? వాడు ఇప్పుడు నిద్రపోయే టైము."

ఎవరు నిద్రపోయే టైమని అడిగే తీరిక రీస్టార్టు గారికి లేదు. ఒక కాలు పీకి వేరే స్విచ్చిలో పెట్టారు. నెట్‌వర్కు ఊపిరి పీల్చుకుంది. బావగారు, "అన్నట్టు, యంత్రం నా బీరువాలో ఉంటే ఇక్కడ నడుస్తున్నదేంటి?" అన్నారు.

"దాని నకలు."

"నకలుకి ఇంకో స్లిప్పు కావాలి," అని ఆయన దిగిపోయారు.

గురువారం మధ్యాహ్నానికి కూడా తాళం రాలేదు. తాళం లేని యంత్రం దేన్నీ నొక్కదు, చిన్నది చేయదు. వచ్చేదాన్ని రానిస్తుంది, పోయేదాన్ని పోనిస్తుంది. ఖాళీగా ఉండడం దేనికని, లైనుని ఎవరెవరు ఎంత వాడుతున్నారో ఒక పట్టీ మాత్రం తయారుచేస్తుంది. స్టోర్సులో బల్ల కోసం మనసుని సిద్ధం చేసుకుంటూ రీస్టార్టు గారు ఆ పట్టీ తెరిచారు.

నూటికి ఎనభై ఒక్క వంతులు వాడుతున్నది ఒకే కంప్యూటరు. స్టోర్సుది.

ఆయన పట్టీని అచ్చు తీసి, నాలుగు మడతలు పెట్టి, జేబులో వేసుకుని కిందికి వెళ్లారు. బావగారి తెర మీద నాలుగు కిటికీలు తెరిచి ఉన్నాయి. నాలుగూ ఫ్యాక్టరీ స్టోర్సులో పెట్టిన కెమెరాలు. నాలుగూ అతి పెద్ద సైజు బొమ్మలు, క్షణం కూడా ఆగకుండా వస్తున్నాయి. మూడో కిటికీలో అక్కడి స్టోరు కీపరు బేరింగుల డబ్బాకి తలానించి నిద్రపోతున్నాడు. నుదుటి మీద ఈగ కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

"ఎన్నాళ్లయింది ఇది పెట్టి?"

"ఎనిమిది నెలలు. రోజూ రెండు నుంచి మూడు దాకా పడుకుంటాడు." బావగారు ఒక నోటుపుస్తకం చూపించారు. తేదీ, పడుకున్న టైము, లేచిన టైము, ఏ పక్కకి తిరిగి పడుకున్నదీ. "ఒకరోజు మొత్తం పట్టుకెళ్లి డైరెక్టరు గారి ముందు పెడతా."

రీస్టార్టు గారు జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, ఆ నోటుపుస్తకం మీద పరిచారు.

"దీన్ని కూడా కలిపి పెట్టండి."

బావగారు చదివారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు.

"ఇదేంటి?"

"ఫ్యాక్టరీలో డ్రాయింగు పదకొండు నిమిషాలు ఎందుకు పడుతోందో చెప్పే కాగితం. వాడొక్కడు ఒక గంట పడుకుంటున్నాడని మీరు రాశారు. ఇది చూస్తే, ఎనిమిది నెలలుగా ఫ్యాక్టరీ మొత్తాన్ని మీరు పడుకోబెట్టారని తెలుస్తుంది."

బావగారు లేచి ఫ్యాను వేగం పెంచి వచ్చారు.

"మీరు మనవాళ్లు కదా బావగారూ," అన్నారు బావగారు చివరికి.

"అందుకే ముందు ఇక్కడికి వచ్చాను. ఆ నాలుగు కిటికీలూ మూయండి."

మూశారు. రీస్టార్టు గారు అక్కడి ఫోను నుంచే ఫ్యాక్టరీలో డ్రాయింగులు చూసే ఆవిడకి ఫోన్ చేసి ఒకటి తెరవమన్నారు.

"తెరిచాను సార్. ఎలాగూ టైము పడుతుందని టీకి లేవబోతున్నా... అయ్యో, వచ్చేసింది. ఏం చేశారు?"

"రీస్టార్టు," అన్నారాయన.

యాభై సెకన్లు. తాళం లేకుండా, నొక్కకుండా, యంత్రం ప్రమేయమే లేకుండా. రీస్టార్టు గారికి ఇంకో సంగతి కూడా అర్థమైంది. ఈ మాట పైకి వెళ్తే, డైరెక్టరు గారు ఎగ్జిబిషనులో కొన్నది నాలుగు కిటికీలు మూయడానికి బదులని తేలుతుంది. అలాంటి నిజం మోసుకెళ్లినవాళ్లని ఏ కంపెనీ కూడా మూడో అంతస్తులో ఉంచదు. పైగా ఎనిమిది నెలల కాగితాలు ఎవరు ఫైలు చేశారన్న ప్రశ్న కూడా వస్తుంది.

"స్లిప్పు," అని చెయ్యి చాపారు.

బావగారు బరువు గడిలో తొమ్మిది గ్రాములని గుండ్రటి అక్షరాలతో రాసి, ముద్ర వేశారు. ముద్ర అంత మెత్తగా పడడం స్టోర్సు చరిత్రలో లేదు. పట్టీ కాగితం నాలుగు ముక్కలై చెత్తబుట్టలోకి వెళ్లింది. సాయంత్రం ఐదింటికల్లా తాళం వచ్చింది.

శుక్రవారం పదకొండింటికి డైరెక్టరు గారు ఫ్యాక్టరీలో, వాచీ విప్పి బల్ల మీద పెట్టుకుని, డ్రాయింగు తెరిచారు. ముప్ఫై ఎనిమిది సెకన్లు. పాత పదకొండు నిమిషాలతో పోలిస్తే, యంత్రం మిగిల్చింది పన్నెండు సెకన్లు. బావగారు మిగిల్చింది పది నిమిషాల పది సెకన్లు. డైరెక్టరు గారు చప్పట్లన్నీ యంత్రానికే కొట్టించారు. మిగతా పది నిమిషాలు ఎవరి పుణ్యమో ఆయనకి తెలియదు.

సర్వర్ రూముని బయటివాళ్లకిచ్చే ప్రస్తావన మళ్లీ రాలేదు. మరుసటి వారం మీటింగులో డైరెక్టరు, ఇంత గొప్ప యంత్రం ఎవరి అధీనంలో ఉందని అడిగారు. రిజిస్టరు తెరిచి చూశారు. స్టోర్సు, ఇనప బీరువా, రెండో అర. బాధ్యుడిగా బావగారి సంతకం. అందరి ముందూ ఆయనకి ఒక జ్ఞాపిక ఇచ్చారు. ఆయన మొహమాటపడుతూనే రెండు చేతులా తీసుకున్నారు. తర్వాత మూడంతస్తులు ఎక్కి వచ్చి, రెండు నుంచి మూడు దాకా ఒక్క కిటికీ, చిన్న బొమ్మ చాలని బతిమాలుకున్నారు. రీస్టార్టు గారు ఒప్పుకున్నారు, తపాలా బిళ్ల సైజులో. ఆ సైజులో నిద్రపోతున్నవాడికీ బేరింగుల డబ్బాకీ తేడా తెలియదు. నోటుపుస్తకం ఆగిపోయింది.

జ్ఞాపిక సంగతి ఆ సాయంత్రమే ఇంటికి చేరింది.

"అన్నయ్యకి ఇచ్చారట. మీకేం ఇచ్చారు?" అంది భార్య.

"కుర్చీ."

"కొత్తదా?"

"కాదు. నాదే."

ఆమె ఒక క్షణం ఆయన వైపు చూసి, "దానికి ఒక చెయ్యి లేదు కదా," అంది.

"ఒక చెయ్యి చాలు," అని ఆయన చెప్పులు విడిచారు.