కోటు పట్టీలో గడ్డిగింజ

మా గోడౌనులో ఆమెను అందరూ భూతద్దం అంటారు. అంటార్కిటికాకి వెళ్ళే ప్రతి కోటూ, ప్రతి బూటూ ముందు ఆమె బల్ల మీదికి రావాలి. అక్కడి నేల మీద బయటి విత్తనం గానీ, మట్టి గానీ, పురుగు గానీ పడకూడదని దేశాలన్నీ కలిసి ఒప్పందం రాసుకున్నాయి. ఆ రాతను పట్టకారుతో అమలు చేసేది ఈమె. పందొమ్మిదేళ్ళలో ఒక్క గింజ కూడా ఆమె కళ్ళుగప్పి పోలేదు. అలాగని ఒక్కసారైనా ఆమెను ఓడెక్కమన్నవాళ్ళూ లేరు. పక్క బల్ల నాది కాబట్టి ఆమె సణుగుడంతా నా చెవినే పడేది.

ఈసారి అక్కడికి వంటమనిషిగా ఆమె తోడికోడలిని ఎంపిక చేశారు. మూడేళ్ళ కిందట మా క్యాంటీన్‌లో ఆ మనిషికి ఉద్యోగం ఇప్పించింది భూతద్దమే.

"ఉప్పెంత వెయ్యాలో నన్నడిగి నేర్చుకుంది. ఇప్పుడు దానికి పెంగ్విన్లు కావాల్సొచ్చాయి!" అంది. కడుపుమంట దాచుకోవడం ఆమెకు చేతకాదు.

తోడికోడలి కోటు రానే వచ్చింది. కాలరు చూసింది, జేబులు తిరగేసింది, చేతి దగ్గర వెల్క్రో పట్టీ విప్పింది. అందులో ఒక గడ్డిగింజ. ఆమె చూసింది, నేనూ చూశాను. తియ్యలేదు. పట్టీ మళ్ళీ అంటించి, 'శుభ్రం' అన్న చీటీ మీద సంతకం గీకేసింది. ఓడెక్కే ముందు ఇంకో తనిఖీ ఉంటుంది. అక్కడ గింజ దొరికితే ఆ మనిషికి ప్రయాణం లేనట్టే. నేను నోరు మెదపలేదు. నా పిరికితనం నాది.

మధ్యాహ్నం డబ్బా తెరిచి, తినకుండానే మళ్ళీ మూత పెట్టేసింది.

"రేవులో వాళ్ళు పైపైన తడిమి పంపేస్తారేమోనే," అంది. "అది వెళ్తే వెళ్ళింది. గింజ కూడా వెళ్ళిపోతేనో?"

తిండి వదిలేసి రేవుకి పరుగెత్తింది. వెనకే నేనూ.

తనిఖీ అయిపోయింది. గింజ ఎవరికీ దొరకలేదు. తోడికోడలు ఓడ మెట్ల మీద ఉంది. భూతద్దం ఆమె చెయ్యి పట్టుకుని, పట్టీ విప్పి, గింజను తీసి అధికారి అరచేతిలో పెట్టింది.

"దాని తప్పేం లేదండి. నేనే చూసి వదిలేశాను."

భూతద్దం మెడలోని గుర్తింపు కార్డు అక్కడికక్కడే తీసేసుకున్నారు. తోడికోడలి ప్రయాణం మాత్రం ఆగలేదు.

"చూసి ఎందుకొదిలేశావక్కా?" అందామె బిక్కమొహంతో.

"నువ్వు వెళ్ళకూడదని."

"మరి ఇప్పుడెందుకొచ్చావు?"

"గింజ వెళ్ళకూడదని."

ఓడ కదిలాక కూడా భూతద్దం కదల్లేదు. కళ్ళ నిండా నీళ్ళు. ఉద్యోగం పోతుందనా అని అడిగాను.

"కాదే," అంది. "అది నిజంగానే వెళ్ళిపోతోంది చూడు."