రొయ్యలు, వైను, పెద్దబాపు అనుమానం

మూడు వారాల కిందట, ఆదివారం పొద్దున్నే పెద్దమ్మ ఫోన్ చేసి, "మీ పెద్దబాపు పోయిండు బిడ్డా" అంది. నేను నమ్మలేదు. శాలిబండ నుంచి దబీర్‌పురాలో వాళ్లింటి దాకా ఆటోలో వెళ్తున్నంతసేపూ నమ్మలేదు. ఏదైనా ఒక్కసారి చెబితే నమ్మకూడదని నాకు నేర్పింది ఆయనే మరి.

మా నాన్నకు అన్న ఆయన. ఒక పెద్ద క్లబ్బు వంటింట్లో ముప్పై ఏళ్లు పనిచేసి, ఏ వంటకు ఏ వైను కుదురుతుందో సాహెబుల వెనక నిలబడి నేర్చుకున్నాడు. రిటైరయ్యాక ఆ విద్యంతా ఆదివారం చర్చి నుంచి వచ్చాక నా మీద ప్రయోగించేవాడు.

ముందు రొయ్యలు. చెరువు రొయ్యలే కావాలి, ఐసులో పెట్టినవి పనికిరావు. చేపల బండి దగ్గర ఒక్కొక్క రొయ్య తల నొక్కి, తోక వంచి, పోలీసు జేబులు తడిమినట్టు తడిమేవాడు. బండి అతను తాజా మాలేనని ఒట్టు పెడితే ఆయన అనుమానం రెట్టింపయ్యేది. "రొయ్య అబద్ధమాడదు. అమ్మెటోడు ఆడుతడు" అని నా చెవిలో అనేవాడు. ఇంటికొచ్చి ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో పెంకులతోనే ఉడికించేవాడు. మసాలా వేశారంటే ఏదో దాస్తున్నారని ఆయన లెక్క.

మొదటిసారి వైను నన్నే తెమ్మన్నాడు. మన దగ్గర 'వైన్స్' అని బోర్డున్న దుకాణంలో వైను తప్ప అన్నీ దొరుకుతాయని నాకేం తెలుసు? వైన్ ఇవ్వమంటే కౌంటర్ వెనకాయన నన్ను ఎగాదిగా చూసి, పై అరలోంచి దుమ్ము పట్టిన తియ్యటి ఎర్ర వైను సీసా ఒకటి దించాడు. పెద్దబాపు ఒక్క గుక్క తాగి ముఖం చిట్లించాడు.

"గిది దగ్గు మందు. రొయ్యకు దాని తీపి దానికుంటది, మీదికెళ్లి ఇంకో తీపెందుకు? తెల్లగుండాలె, పుల్లగుండాలె, చల్లగుండాలె."

ఇన్నేళ్లలో ఆయన చెప్పిన సూత్రం అదొక్కటే.

ఆయనకు కరోనా వచ్చి తగ్గాక పద్ధతి మారింది. అంతకుముందు తనే వాసన చూసి చెప్పేవాడు. ఆ తర్వాత స్టీలు గ్లాసు నా వైపు జరిపి, ముందు నన్నే చూడమనేవాడు. పచ్చి మామిడి వాసన వస్తోందని నేనంటే కళ్లు చిన్నవి చేసి, "ఖాయమా?" అనేవాడు. ఖాయమే అంటే, "అనుమానమే" అనేవాడు. బండి దగ్గర రొయ్యలు కూడా నా ముక్కు కిందే పెట్టేవాడు. పరీక్ష పెడుతున్నాడనుకుని నాకు ఒళ్లు మండేది. ఒక్కసారైనా ఆయన నా మాట నమ్మితే చాలనిపించేది. పైగా ఐదు నిమిషాలు కాకముందే, వైను పచ్చి మామిడి వాసన వస్తోందని తనే కనిపెట్టినట్టు పెద్దమ్మకు చెప్పేవాడు. నా మాటలు దొంగిలిస్తున్నాడని నాకు ఆయన మీదే అనుమానం. ఆయన శిష్యుణ్ని కదా.

సమాధి దగ్గర్నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం పెద్దమ్మతో ఈ సంగతే నవ్వుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు.

"ఆయనకు వాసన యాడిది బిడ్డా? ఆ కరోనా జ్వరంల పోయింది, మల్ల రాలే. ఎవ్వరికి చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు. నువ్వు మంచిగున్నయంటెనే రొయ్యలు కొన్నడు. నువ్వు చెప్పినంకనే గ్లాసు ముట్టిండు."

అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. కన్నతల్లి వండిన కూరనైనా అనుమానించే మనిషి, ఇన్నేళ్లూ నా ముక్కును నమ్మి తిన్నాడు. నమ్మకాన్ని కూడా అనుమానం లాగే చూపించడం ఆయనకే చెల్లింది.

మొన్న ఆదివారం పెద్దమ్మ రొయ్యలు ఉడికించింది. ఆయన మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టిన సగం సీసా అలాగే ఉంది. ఆయన స్టీలు గ్లాసులో కొంచెం పోసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పచ్చి మామిడి లేదు, ఒట్టి పులుపు. వైను పాడైపోయిందని చెప్పాను.

పెద్దమ్మ కళ్లు చిన్నవి చేసి నన్ను చూసింది. "ఖాయమా?" అంది.

నేను మళ్లీ ఒకసారి వాసన చూశాను.