ముందే ఓడిపోయే మేనేజరు

ములకలపల్లి ఫుట్‌బాల్ జట్టు మేనేజరు వెంకటప్పయ్యకి ఒకటే జబ్బు. ఆట మొదలు కాకముందే ఓడిపోతాడు. అవతలి జట్టు బండి దిగకముందే, రిఫరీ జేబులోంచి ఈల తీయకముందే, ఆయన లెక్కలో మన జట్టు చిత్తుగా ఓడి, ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, దిగులుగా కూర్చుని ఉంటుంది. ఆ సంగతి కడుపులో దాచుకుంటే ఎవరికీ నష్టం లేదు. దాచుకోడు. ఆటగాళ్ళని వరసగా నిలబెట్టి మరీ చెప్తాడు.

గోల్‌కీపర్ సతీష్‌కి ఈ సంగతి జట్టులో చేరిన రోజే తెలిసింది. అప్పటికి వాడు కానిస్టేబుల్ సెలక్షన్లలో పరుగులో వెనకబడి, ముఖం చెల్లక ఇంటికి తిరిగొచ్చి ఉన్నాడు. వాడిది ములకలపల్లి నుంచి అడవిలోకి పోయే దారిలో ఒక కోయగూడెం. సెలక్షన్లకి వెళ్ళేటప్పుడు గూడెమంతా రోడ్డు దాకా వచ్చి సాగనంపింది. తిరిగొచ్చినప్పుడు ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే వాడిని తినేసింది. గ్రౌండుకి పోతే కనీసం నాలుగు మాటలు వినపడతాయని వచ్చాడు. వచ్చాక వినపడిన మొదటి మాట ఇది:

"ఒరేయ్ నాయనా, ఇవాళ మనం ఓడిపోతున్నాం. ఎవడూ ఎగిరెగిరి పడి దెబ్బలు తగిలించుకోకండి. ఓడేదానికి మోకాళ్ళు కూడా పగలగొట్టుకోవడం దేనికి?"

సతీష్ పక్కనున్న ఆటగాడు హాతీరాంని మెల్లగా అడిగాడు. "ఈన అవతలోళ్ల మేనేజరా?"

"కాదన్నా, మన సారే."

వెంకటప్పయ్యవాళ్ళ తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్నారు. ఇన్నేళ్ళయినా ఆయన మాట ఇంకా కృష్ణ ఒడ్డునే ఉంది. పామాయిల్ తోట ఉంది. గెలలు మోసే ట్రాలీ బండి ఉంది. ఆ బండి ఉండటం వల్లే మేనేజరయ్యాడని కొందరంటారు. జట్టుని ఊళ్ళు తిప్పాలంటే మండలంలో ఖాళీగా దొరికేది అదొక్కటే. "గెలల్ని ఫ్యాక్టరీకి, మిమ్మల్ని ఓటమికి మోసుకుపోవడమే నా బతుకైపోయింది" అంటూనే చక్రానికి గాలి చూసుకునేవాడు.

టాస్ ఓడిపోతే, "చూశారా, నాణేనికి కూడా తెలిసిపోయింది" అనేవాడు. టాస్ గెలిస్తే ఇంకా దిగులు. "అయిపోయింది. ఉన్న కాస్త అదృష్టం అక్కడే ఖర్చు చేసేశారు." ఒకసారి విచిత్రంగా మొదటి సగంలోనే మనవాళ్ళు రెండు గోల్స్ కొట్టారు. కుర్రాళ్ళు గంతులేస్తూ ఆయన దగ్గరికి పరుగెత్తారు. వెంకటప్పయ్య నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎంత పని చేశార్రా! ఇప్పుడు వాళ్ళకి కోపం రాదూ?"

వచ్చింది. మ్యాచ్ పోయింది.

హాతీరాం కాలు మడతపడినప్పుడు జరిగిన గోల ఇంకా చెప్పుకుంటారు. ఆయన వాడిని బండిలో పడుకోబెట్టి దవాఖానాకి తీసుకుపోతూ దారంతా ఏడుపు ముఖం పెట్టాడు. డాక్టరు నొక్కి చూసి, "వాపే, విరగలేదు. వారం నడవకపోతే చాలు" అన్నాడు.

"మీరు ఇంకోసారి చూడండి. ఇంత తేలిగ్గా పోదు. మా జట్టు మీకు తెలీదు" అన్నాడు వెంకటప్పయ్య.

డాక్టరు విసుక్కుని రెండోసారి చూశాడు. అయినా నమ్మకం కుదరక, వెంకటప్పయ్య ఆ వారమంతా రోజూ హాతీరాం వాళ్ళ తండాకి పోయి వాడి కాలు ముందు కూర్చుని, వాపు తగ్గుతుంటే అనుమానంగా చూసేవాడు.

అభిమానులతోనూ అంతే. బొజ్జయ్య అని గూడెం పెద్దమనిషి ఒకాయన ప్రతి మ్యాచ్‌కీ డోలు మెడలో వేసుకొచ్చేవాడు. బంతి అవతలి సగంలోకి పోయినప్పుడే వాయించాలని ఆయన నియమం. అందుకని చాలాసేపు ఊరికే కూర్చునేవాడు. ఒక వానలో డోలు తోలు నాని చిరిగిపోయింది. మరుసటి మ్యాచ్‌కి వెంకటప్పయ్యే దానికి కొత్త తోలు వేయించి పట్టుకొచ్చాడు.

"ఎందుకు సారు ఈ తిప్పలు?" అన్నాడు బొజ్జయ్య.

"ఓడిపోయినప్పుడు కనీసం మోత ఉండాలయ్యా. చప్పుడు లేకుండా ఓడిపోతే మరీ అనాథల్లా ఉంటుంది."

సతీష్‌కి చేతి గ్లవుజులు కొనిచ్చినప్పుడూ అదే ధోరణి. "ఇవి తొడుక్కున్నంత మాత్రాన బంతి ఆగదు. చేతులన్నా కమలకుండా ఉంటాయి."

ఇలాంటి జట్టు ఈ వానాకాలం భద్రాచలం టోర్నమెంటులో సెమీఫైనల్‌కి వెళ్ళింది. మనవాళ్ళ ప్రతాపం ఏమీ లేదు. గోదావరి పొంగి రోడ్ల మీదికి నీళ్ళొచ్చి, మనతో ఆడాల్సిన జట్లు రాలేకపోయాయి. ఆడకుండానే గెలిచారు.

"గోదారమ్మ ఇక్కడిదాకా తెచ్చింది. ఆవిడ వచ్చి గోల్ కూడా కొట్టదుగా" అన్నాడు వెంకటప్పయ్య.

కానీ సెమీస్ రోజు కుర్రాళ్ళకి ఏం పూనిందో, ప్రాణం పెట్టి ఆడారు. పాల్వంచ జట్టుతో చెరొక గోలు మీద ఆట నిలిచింది. సతీష్ ఎడాపెడా దూకి బంతులాపాడు. బొజ్జయ్య డోలు ఆగకుండా మోగింది. ఆటోడ్రైవర్ లాలు బండి నిండా మనుషుల్ని ఎక్కించుకొచ్చి, గొంతు చిరిగేలా "సతీష్! సతీష్!" అని అరిచాడు. కానిస్టేబుల్ సెలక్షన్ల తరవాత తన పేరు అంత గట్టిగా ఎవరన్నా పలకడం వాడు వినడం అదే మొదటిసారి. ఈసారి గెలిచి గూడేనికి పోతే చాలు, ఎవరూ ఏమీ అనకపోయినా ఫరవాలేదు అనుకున్నాడు.

ఆఖర్లో ఒక బంతి వచ్చింది. బలంగా కొట్టింది కూడా కాదు. తడి గడ్డి మీద పిల్లిలా మెల్లగా దొర్లుకుంటూ వచ్చింది. సతీష్ వంగాడు. బంతి వాడి చేతుల కింద నుంచి, కాళ్ళ సందులోంచి, వెనక్కి పోయి వలలో పడింది.

డోలు ఆగిపోయింది. ఈల మోగింది. అంతే.

సతీష్ గోలు ముందు బురదలో అలాగే కూర్చుండిపోయాడు. అప్పటిదాకా వాడి పేరు అరిచిన లాలు అందరికన్నా ముందు ఉరికొచ్చాడు.

"ఏం కీపర్‌వి రా నువ్వు! మా ముసలవ్వ అయినా ఆపేది! ఎంతకు అమ్ముడువోయినవ్?"

ఇంకో నలుగురు చుట్టూ చేరారు. సతీష్ తల ఎత్తలేదు. అప్పుడు గొడుగు పట్టుకుని వెంకటప్పయ్య మధ్యలోకి వచ్చాడు.

"ఆగండ్రా. వాడిని అంటారేంటి? పొద్దున బండెక్కేటప్పుడు నేనేం చెప్పాను?"

"ఓడిపోతమన్నరు" అన్నాడు లాలు.

"మరి? ఈ ఓటమి పొద్దుట్నుంచీ నాది. మధ్యలో వాడు వచ్చి ఎత్తుకుపోతానంటే ఎలా ఇస్తాను? తిట్టేదేదో నన్ను తిట్టు."

"అనుడు వేరు, ఓడగొట్టుడు వేరు సారు."

"నా నోరు మంచిది కాదయ్యా. నేను అనకపోతే గెలిచేవాళ్ళమేమో. తిట్టు, మొహమాటపడకు."

లాలు ఉక్రోషం పట్టలేక తిట్టడం మొదలుపెట్టాడు. వెంకటప్పయ్య తలాడిస్తూ, "బాగుంది. ఇంకా గట్టిగా. వెనకాల వాళ్ళకి వినపడటంలేదు" అంటూ ప్రోత్సహించాడు. తిట్టి తిట్టి లాలు గొంతు పూర్తిగా పోయింది. అప్పుడు ఆయనే వాడి భుజం మీద చెయ్యేసి హోటల్‌కి తీసుకుపోయి అల్లం టీ తాగించాడు.

"గొంతు జాగ్రత్త. ఫైనల్ చూడాలిగా."

"ఫైనల్ మనది కాదు గద సారు" అన్నాడు లాలు కీచుగా.

"అందుకే. హాయిగా చూడొచ్చు."

వాళ్ళు తిరిగొచ్చేసరికి సతీష్ లేడు. ట్రాలీ ఎక్కకుండా బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఇక వాడు ప్రాక్టీసుకి రాలేదు. ఇంట్లో చూరు కింద కూర్చుని వానని చూసేవాడు. అప్పుడు కాళ్ళు మోసం చేశాయి, ఇప్పుడు చేతులు. ఒంట్లో ఇంకేం మిగిలిందని? నాట్లకి పోయొచ్చిన తల్లి భీమక్క ముందు పెట్టిన అన్నం అలాగే ఉండేది. గూడెంలో మళ్ళీ ఎవరూ ఏమీ అనలేదు. ఈసారి ఆ మౌనం మరీ బరువుగా ఉంది.

ఒక మధ్యాహ్నం వెంకటప్పయ్య వచ్చాడు. ఆయన గొంతు వినగానే సతీష్ ఇంటి వెనక్కి పోయి దాక్కున్నాడు.

"వాడు అన్నం తినడు. నాకు తెలుసు" అన్నాడు ఆయన.

"తింటలేడు సారు" అంది భీమక్క.

"చెప్పానా? బయటికి కూడా రాడు."

"అవ్, వస్తలేడు."

"వస్తాడని నేనూ అనుకోలేదులే." అలా అని లేచిపోలేదు. వాన తగ్గేదాకా మంచం మీద కూర్చున్నాడు. తగ్గాక ఇంకాసేపు కూర్చున్నాడు. తరవాత గొడుగు పట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంటి వెనక తడిసి నిలబడ్డ సతీష్‌కి, ఆయన కూడా తన మీద ఆశ వదులుకున్నాడని రూఢి అయిపోయింది. అసలు ఎప్పుడు పెట్టుకున్నాడు గనక! హైదరాబాదులో ఏదో అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్‌గా పోదామని తేల్చుకున్నాడు. అక్కడ ఎవరికీ తను ఎవరో తెలీదు.

పోయేముందు గ్లవుజులు ఇచ్చేద్దామని, ఆయన తోటకి పోయే సమయం చూసుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. వెంకటప్పయ్య భార్య సీతారావమ్మ వరండాలో బియ్యం ఏరుతోంది. గ్లవుజులు చూసి, "ఆయన వచ్చాక ఇద్దువుగాని, కూర్చో" అంది. వాడు మెట్టు మీద ముళ్ళ మీదున్నట్టు కూర్చున్నాడు.

ఇంతలో పక్కింటి పద్మావతమ్మ ప్రహరీ మీంచి తల పెట్టింది.

"సీతా, మీవాళ్ళ ఆట మళ్ళీ ఎప్పుడమ్మా? మా పిల్లలు బూరెలు ఎప్పుడని ప్రాణం తీస్తున్నారు."

సతీష్‌కి అర్థం కాలేదు. "బూరెలేంది అమ్మా?"

సీతారావమ్మ నవ్వాపుకుంది. పద్మావతమ్మ ఆపుకోలేదు. "నీకు తెలీదా అబ్బాయ్? మీ సారు ఆట ఉన్న రోజు తెల్లారకముందే లేచి, మనవాళ్ళు ఇవాళ గెలుస్తున్నారు, అందరికీ బూరెలు వండమని దీని ప్రాణం తోడేస్తాడు. మీరు ఓడొస్తారు. అవన్నీ మా వాడకట్టుకి పంచుతారు. మీరు ఓడిన రోజే మాకు పండగ నాయనా!"

సతీష్ సీతారావమ్మ వైపు తిరిగాడు.

"సెమీస్ రోజైతే ఏకంగా గంగాళం నిండా చేయించాడు" అంది సీతారావమ్మ. "ఓడిన పాల్వంచ వాళ్ళకీ పెట్టాలట. నువ్వు ఎన్ని తింటావో కూడా లెక్కేసి చెప్పాడు."

"మరి మాతోని ఎప్పుడు చూసినా ఓడిపోతమనే అంటడు గదమ్మా?"

"అడిగాను నాయనా. గెలుస్తారని చెప్పి పంపిస్తే, ఓడినవాడు నా ముఖం ఎలా చూస్తాడే అన్నాడు. ఓడిపోతారని చెప్పి పంపితే, ఓడొచ్చినా నా మాట నిలబెట్టినట్టే కదా, తల దించుకునే పని ఉండదు అన్నాడు." ఆమె చేట కింద పెట్టింది. "ఆ రోజు నువ్వు బండెక్కలేదని, వచ్చి ఇక్కడే కూర్చుని ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు. బూరెలు పంచడానికి కూడా లేవలేదు."

గేటు చప్పుడైంది. వెంకటప్పయ్య తోట నుంచి వచ్చాడు. మెట్టు మీద సతీష్‌ని, వాడి చేతిలో గ్లవుజుల్ని, ప్రహరీ మీద పద్మావతమ్మ తలని చూసి, సంగతి బయటపడిందని గ్రహించాడు.

"వీళ్ళ మాటలు నమ్మకు. నాకు తీపంటే ఇష్టం, అందుకని చేయిస్తాను."

"మీకు షుగర్ గద సారు" అన్నాడు సతీష్.

వెంకటప్పయ్య చెప్పులు విడిచే వంకతో వంగి, చాలాసేపు చెప్పులే విడిచాడు. తరవాత అటే చూస్తూ, "ఆదివారం అశ్వారావుపేట వాళ్ళతో ఉంది. నువ్వు రావు, నాకు తెలుసు" అన్నాడు.

"వస్త సారు."

"వచ్చినా ఓడిపోతాం."

"అవ్ సారు. ఓడిపోయొద్దాం" అన్నాడు సతీష్. రోజుల తరవాత వాడి ముఖంలో నవ్వొచ్చింది.

ఆదివారం అన్న మాట ప్రకారం ఓడిపోయారు. సతీష్ కొన్ని ఆపాడు, కొన్ని వదిలాడు. తిరిగొచ్చేటప్పుడు ట్రాలీ ఎప్పటిలా సెంటర్లో ఆగబోతే, వాడు డ్రైవరు పక్కనుంచి, "ఆపకు, సారు ఇంటికి పోనీ" అన్నాడు. జట్టంతా బురద కాళ్ళతో దిగింది. వెనకే లాలు ఆటో వచ్చింది, అందులోంచి డోలుతో సహా బొజ్జయ్య దిగాడు. అందరూ వరండాలో వరసగా కూర్చున్నారు.

"అమ్మా, ఓడిపోయినం. బూరెలు పెట్టు" అన్నాడు సతీష్.

"సిగ్గు లేదట్రా? ఓడిపోయి తింటారా?" వెంకటప్పయ్య గాభరా పడ్డాడు.

"చల్లారుతయి సారు" అన్నాడు లాలు విస్తరి పరుచుకుంటూ.

సీతారావమ్మ అప్పటికే గంగాళం ఈడ్చుకొస్తోంది. చూస్తుండగానే అడుగు కనపడింది. పక్క ప్రహరీ మీద పద్మావతమ్మ తల లేచి, ఖాళీ గంగాళం చూసి నీరుగారిపోయింది.

"అయితే ఇకనుంచి మాకు లేనట్టేనా?"

"మేం గెలిచిన్నాడు మీకే పంపిస్తం పెద్దమ్మా" అన్నాడు సతీష్ నోటి నిండా బూరెతో.

"పాపం, ఈ జన్మలో ఆవిడకి బూరె యోగం లేదు" అని నిట్టూర్చి, వెంకటప్పయ్య తన చేతిలో ఉన్నది వాడి ఆకులో వేశాడు.